వృత్తి శిక్షణ – ప్రాంతీయ ఉపాధి అవసరాలు: తెలుగు రాష్ట్రాల అనుభవం

ఒక ప్రాంతంలో దొరికే పనులకూ, అక్కడి యువతకు నేర్పుతున్న పనులకూ పొంతన కుదర్చడం వృత్తి విద్యలో అన్నిటికన్నా పాత చిక్కు. ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు, ఇంటర్మీడియట్ ఒకేషనల్ కోర్సులు, అప్రెంటిస్‌షిప్, మూడు నాలుగు నెలల నైపుణ్య శిక్షణ పథకాలు అన్నీ ఈ చిక్కు చుట్టూనే తిరుగుతాయి. పొంతన తప్పితే రెండు నష్టాలు పక్కపక్కనే కనిపిస్తాయి. ఫ్యాక్టరీ గేటుకు ‘వెల్డర్లు కావలెను’ అన్న బోర్డు నెలల తరబడి వేలాడుతుంది. అదే మండలంలో వెల్డర్ సర్టిఫికెట్ చేతిలో ఉన్న కుర్రాడు ఆటో నడుపుకుంటూ ఉంటాడు.

దేశంలో పద్ధతిగా వృత్తి శిక్షణ పొందినవాళ్లే తక్కువ. ప్రభుత్వ కార్మిక సర్వేలు ఏటేటా చెబుతున్న లెక్క ప్రకారం పనిచేసే వయసువాళ్లలో వాళ్ల వాటా 5 శాతం దాటడం లేదు. మిగతావాళ్లు తండ్రి దగ్గరో, మేస్త్రి దగ్గరో, పనిలో పడి దెబ్బలు తినో నేర్చుకున్నవాళ్లు. అందుకే ఆంధ్రప్రదేశ్, తెలంగాణల గురించి చెప్పుకునేటప్పుడు బడి లోపలి శిక్షణనూ బడి బయటి శిక్షణనూ కలిపి చూడక తప్పదు.

‘మనుషులు దొరకడం లేదు’

పరిశ్రమల యజమానులు తరచూ అనే ఈ మాటకు మూడు వేర్వేరు అర్థాలున్నాయి. ఆ పని తెలిసినవాళ్లు ఆ చుట్టుపక్కల నిజంగా లేకపోవడం మొదటిది. సర్టిఫికెట్ ఉన్నా చెయ్యి తిరగకపోవడం రెండోది. పని తెలిసినవాళ్లు ఉన్నా ఆ జీతానికి, ఆ షిఫ్టుకు, ఆ దూరానికి రాకపోవడం మూడోది.

మొదటిదానికి కొత్త కోర్సు మందు. రెండోదానికి మంచి వర్క్‌షాపు, మంచి శిక్షకుడు కావాలి. మూడోదాన్ని కోర్సులతో నయం చేయలేం. రెండేళ్లు ఫిట్టర్ చదివినవాడికి కాంట్రాక్టరు ఇచ్చే జీతం, బైకు మీద భోజనం పొట్లాలు అందించేవాడి సంపాదనకు అటూ ఇటూగా ఉంటే అతను బైకే ఎక్కుతాడు. దాన్ని సోమరితనమనో, ‘ఈ కాలం పిల్లలకు ఒళ్లు వంగదు’ అనో కొట్టిపారేయడం అన్యాయం. అతను లెక్క సరిగానే వేసుకున్నాడు. నైపుణ్య కొరత పేరుతో జరిగే చర్చల్లో ఎక్కువగా దాటవేసేది ఈ మూడో అర్థాన్నే. శిక్షణకు పెట్టే డబ్బు వృథా కావడానికి కూడా చాలా చోట్ల ఇదే మూలం.

కులవృత్తి నుంచి ఐటీఐ దాకా

పాత పల్లెలో ఈ చిక్కు లేదు. ఊరికి ఎన్ని నాగళ్లో అంతమంది వడ్రంగులు. కమ్మరి కొడుకు కొలిమి దగ్గర, సాలె పిల్ల మగ్గం దగ్గర పెరిగేవాళ్లు. అవసరమూ శిక్షణా ఒకే వాకిట్లో ఉండేవి. అయితే అంత చక్కగా కుదరడానికి కారణం పుట్టుకను బట్టి దారులు మూసేయడమే. అమ్మానాన్న చేసే పని తప్ప మరో పని నేర్చుకునే వీలు లేనిచోట పొంతన దానంతటదే కుదురుతుంది. ఆ పొంతనను తలుచుకుని నిట్టూర్చవలసిన పని లేదు. ఏ ఇంటి పిల్లవాడైనా లేత్ మిషన్ ముందు నిలబడవచ్చని తలుపు తెరిచింది ఐటీఐలే. వాటి లోపాలను ఎంచేవాళ్లు ఈ మేలును కూడా పక్కన పెట్టుకుని ఎంచాలి.

రెండో ప్రపంచయుద్ధం ముగింపులో, సైన్యం నుంచి తిరిగొచ్చినవాళ్లకు పని చూపడానికి 1945లో కేంద్రంలో ఒక డైరెక్టరేట్ ఏర్పడింది. ఉపాధి, శిక్షణల కేంద్ర విభాగం దాని నుంచే పెరిగింది. 1950లో క్రాఫ్ట్స్‌మెన్ శిక్షణ పథకం మొదలైంది. 1956లో ఐటీఐల రోజువారీ నిర్వహణ రాష్ట్రాలకు వచ్చింది, అదే ఏడాది జాతీయ వృత్తి శిక్షణ మండలి ఏర్పడింది. సిలబస్, పరీక్ష, సర్టిఫికెట్ కేంద్రానివి. భవనం, శిక్షకుడు, జీతం రాష్ట్రానివి. ఈ పంపకం వల్ల వచ్చిన లాభం, ఒక ఊళ్లో ఇచ్చిన సర్టిఫికెట్ దేశమంతా చెల్లడం. నష్టం, ఆ ఊరికి ఏం కావాలో ఆ ఊళ్లో ఎవరూ తేల్చలేకపోవడం.

మొదటి ముప్ఫై ఏళ్లు పెద్దగా ఇబ్బంది రాలేదు. ఫిట్టర్, టర్నర్, మెషినిస్ట్, వెల్డర్, ఎలక్ట్రీషియన్ అన్న ట్రేడుల జాబితా ఆనాటి ప్రభుత్వ రంగ కర్మాగారాలకు అతికినట్టు సరిపోయింది. హైదరాబాద్‌లో బీహెచ్‌ఈఎల్, హెచ్‌ఏఎల్, ఐడీపీఎల్, ఈసీఐఎల్, విశాఖలో షిప్‌యార్డు, తర్వాత ఉక్కు కర్మాగారం, గోదావరి లోయలో సింగరేణి, రెండు రాష్ట్రాల్లో రైల్వే, ఆర్టీసీ డిపోలు ఐటీఐ కుర్రాళ్లను తీసుకునేవి. 1991 తర్వాత ఈ పెద్ద గేట్లలో నియామకాలు సన్నగిల్లాయి. ట్రేడుల జాబితా మాత్రం చాలాకాలం అలాగే నిలిచింది. ఇప్పుడు దేశంలో దాదాపు 15 వేల ఐటీఐలుంటే వాటిలో ఎక్కువ భాగం ప్రైవేటువి. సీట్లలో సింహభాగం ఇంకా ఎలక్ట్రీషియన్, ఫిట్టర్‌లదే. ఆ సర్టిఫికెట్లతో రైల్వే, విద్యుత్ శాఖ పరీక్షలు రాయవచ్చన్న ఆశ అందుకు ఒక కారణం. తక్కువ సామానుతో నడిపేయవచ్చన్న యాజమాన్యాల లెక్క మరో కారణం.

2008లో జాతీయ నైపుణ్యాభివృద్ధి సంస్థ, 2014లో ప్రత్యేక మంత్రిత్వ శాఖ, 2015 జూలై 15న ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన వచ్చాయి. వీటితో బరువు రెండేళ్ల కోర్సుల మీది నుంచి కొన్ని వందల గంటల కోర్సుల మీదికి మళ్లింది.

అవసరాన్ని కొలవడం

‘ఐదేళ్లలో ఈ జిల్లాకు ఎంతమంది వెల్డర్లు కావాలి?’ అన్న ప్రశ్నకు అంకె చెప్పాలన్న పట్టుదల 1960ల నాటిది. సంపన్న దేశాల ఆర్థిక కూటమి ఓఈసీడీ ఆనాడు పోర్చుగల్, స్పెయిన్, ఇటలీ, గ్రీస్, యుగోస్లావియా, టర్కీలకు కలిపి మధ్యధరా ప్రాంత ప్రాజెక్టు చేపట్టింది. ఉత్పత్తి ఇంత పెరిగితే ఇంతమంది పనివాళ్లు కావాలి, కాబట్టి బడుల్లో ఇన్ని సీట్లు పెట్టాలి అని లెక్క కట్టింది. యంత్రం మారినా, ధర మారినా, మనుషులు వలస వెళ్లినా ఆ లెక్క తప్పుతుంది. ఆ పద్ధతిపై విమర్శలు త్వరగానే వచ్చాయి. అయినా ‘స్కిల్ గ్యాప్’ నివేదికల రూపంలో అది ఇప్పటికీ బతికే ఉంది.

కాలం అడ్డం తిరగడం ఇక్కడి పెద్ద ఇబ్బంది. కొత్త ట్రేడుకు అనుమతి తెచ్చుకుని, యంత్రాలు కొని, శిక్షకుడిని నియమించి, పిల్లలను చేర్చుకుని, వాళ్లు చదువు ముగించి, ఆ పైన అప్రెంటిస్ చేసి వచ్చేసరికి నాలుగైదేళ్లు గడుస్తాయి. అంతలో ఆ ఫ్యాక్టరీ మరో యంత్రానికి మారిపోవచ్చు. కర్నూలు జిల్లా ఓర్వకల్లు ప్రాంతంలో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు 2017లో పూర్తయింది. పలకలు బిగించే రోజుల్లో ఇలాంటి చోట వేలమందికి పని ఉంటుంది. పూర్తయ్యాక పలకలు కడిగే, కేబుళ్లు చూసుకునే, ఇన్వర్టర్లు సరిచేసే కొద్దిమంది చాలు. నిర్మాణం నాటి అవసరాన్ని చూసి జిల్లా అంతటా సోలార్ కోర్సులు తెరిస్తే మొదటి బ్యాచ్ బయటికి వచ్చేసరికి గేట్లు మూసి ఉంటాయి. ఆ పిల్లలకు నేర్పవలసింది ఏ ఊళ్లోనైనా ఇంటి కప్పు మీద సోలార్ బిగించి, బోరు మోటారుకు కలిపి, మరమ్మతు చేసుకోగల పని.

అంకెలకన్నా నమ్మదగిన దారులు రెండున్నాయి. యజమానితో ముందే మాట్లాడుకుని, తీసుకుంటానన్న మాట పుచ్చుకుని శిక్షణ మొదలుపెట్టడం ఒకటి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో గ్రామీణాభివృద్ధి శాఖ కింద ఏర్పడిన ఉపాధి కల్పన, మార్కెటింగ్ మిషన్ ఈ దారినే పట్టింది. పల్లె యువతను కాపలా, దుకాణాలు, హోటళ్లు, కుట్టుపని వంటి ఉద్యోగాలకు తయారుచేసి పట్నాలకు పంపింది. 2014లో కేంద్రం తెచ్చిన దీన్‌దయాళ్ గ్రామీణ కౌశల్య యోజన కూడా ఉద్యోగం చూపడాన్నే షరతుగా పెట్టింది. రెంటికీ ఒకే చోట దెబ్బ తగిలింది. ఉద్యోగంలో చేరినవాళ్లలో చాలామంది కొన్ని నెలలకే ఇంటికి తిరిగొచ్చేశారు. జీతంలో గది అద్దె, తిండి, బస్సు ఛార్జీ పోగా ఇంటికి పంపడానికి మిగిలేది స్వల్పం.

రెండో దారి, బయటికి వెళ్లినవాళ్ల వెంట పడడం. ఏడాది తర్వాత, మూడేళ్ల తర్వాత ఎక్కడున్నారు, నేర్చుకున్న పనే చేస్తున్నారా, ఎంత వస్తోంది అని అడిగి రాసిపెట్టుకోవడం. ఖర్చు తక్కువ, ఫలితం ఎక్కువ. ఒక ఐటీఐకి తన పాత విద్యార్థుల ఫోన్ నంబర్లున్న రిజిస్టరును మించిన సర్వే లేదు. అయినా ప్లేస్‌మెంట్ నాటి ఫోటో దగ్గరే ఆగిపోయే సంస్థలే ఎక్కువ.

వర్క్‌షాపు లోపల

ఫిట్టర్ ట్రేడులో మొదటి రోజులు ఆకురాయితో గడుస్తాయి. బెంచి వైస్‌లో ఇనుప ముక్క బిగించి, రెండు చేతులతో ఆకురాయి పట్టి, ముందుకు తోసేటప్పుడే బరువు వేసి, వెనక్కి లాగేటప్పుడు వదిలి, రోజుల తరబడి రుద్దాలి. చూడ్డానికి ముక్క నున్నగానే ఉంటుంది. మట్టం ఆనించి వెలుతురుకు ఎత్తిపట్టుకుంటే మధ్యలోంచి సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. ఆ గీత పోయేదాకా మళ్లీ రుద్దాలి. అరచేతులు బొబ్బలెక్కుతాయి. ‘ఈ రోజుల్లో ఎవరు చేత్తో రుద్దుతారు సార్?’ అని పిల్లలు అడుగుతారు. ఆ ప్రశ్న న్యాయమైనదే. జవాబూ ఉంది. ఎన్ని మైక్రాన్ల తేడా వచ్చిందో కంప్యూటర్ మిషన్ తెరమీద అంకెగా చూపిస్తుంది. ఆ అంకె ఎంత సన్ననిదో చేతికి తెలియడం ఆకురాయి దగ్గరే మొదలవుతుంది. చేతికి ఆ తెలివి వచ్చినవాడు ఏ మిషన్ దగ్గరికి మారినా త్వరగా కుదురుకుంటాడు.

స్థానిక అవసరం అనగానే ఒకే కంపెనీ ఒకే మిషన్‌కు సరిపోయే మూడు నెలల కోర్సు పెట్టడం వల్ల జరిగే నష్టం ఇక్కడే అర్థమవుతుంది. కంపెనీ వెళ్లిపోతే ఆ పిల్లవాడి చేతిలో ఏమీ మిగలదు. పునాది దేశమంతటికీ ఒకటిగా ఉండి, చివరి ఆరు నెలలు ఆ ప్రాంతపు పని మీద నడిస్తే రెండు లాభాలూ దక్కుతాయి. భీమవరం చుట్టుపక్కల ఎలక్ట్రీషియన్‌కు రొయ్యల చెరువుల ఏరేటర్ మోటార్ల రీవైండింగ్ రావాలి. తడి గట్ల మీద, ఉప్పు గాలిలో ఎర్తింగ్ ఎలా వేయాలో, కరెంటు పోయిన క్షణాల్లో జనరేటర్ ఎలా అందుకోవాలో తెలియాలి. అర్ధరాత్రి ఏరేటర్లు ఆగితే తెల్లారేసరికి చెరువు నీళ్లలో ప్రాణవాయువు తగ్గి రొయ్య చచ్చిపోతుంది. అదే ట్రేడు చదివినవాడికి అనంతపురంలో గాలిమరలు, హైదరాబాద్‌లో లిఫ్టులు, ఏసీ ప్లాంట్లు ఎదురవుతాయి. ట్రేడు ఒకటే, దాని చివరి అధ్యాయం మాత్రం ఊరును బట్టి మారాలి.

శిక్షకుడి సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఇరవై ఏళ్ల కిందట తాను నేర్చుకున్న మిషన్ తప్ప మరొకటి చూడని శిక్షకుడికి కొత్త యంత్రం కొనిపెడితే అది దుమ్ముగుడ్డ కింద భద్రంగా ఉంటుంది. పాడైతే ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాలన్న భయం దానికి తోడు. శిక్షకులను తయారుచేసే కేంద్ర సంస్థ హైదరాబాద్ విద్యానగర్‌లో దశాబ్దాలుగా ఉంది. దాన్ని ఇప్పుడు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ అంటున్నారు. అక్కడ చదువుకుని రావడంతో పాటు, పనిలో చేరాక ఏటా కొన్ని వారాలు ఫ్యాక్టరీలో గడపడం నియమమైతే శిక్షకుడి చెయ్యి తుప్పు పట్టదు.

ప్రాంతాల తీరు

*ఉత్తరాంధ్ర తీరం.* వాల్‌చంద్ హీరాచంద్ 1941లో విశాఖపట్నంలో నౌకా నిర్మాణ కేంద్రాన్ని నెలకొల్పారు. అక్కడ కట్టిన ‘జల ఉష’ 1948లో నీళ్లలోకి దిగింది. నౌకాదళ డాక్‌యార్డుకు విశాఖలో సొంత అప్రెంటిస్ స్కూలు ఉంది. ఐటీఐ పూర్తిచేసినవాళ్లను పరీక్ష పెట్టి తీసుకుని, నిజమైన ఓడల మీదే పని నేర్పుతుంది. రాష్ట్రంలో బడికీ పనికీ ఇంత దగ్గర సంబంధమున్న చోట్లు అరుదు. నౌకా నిర్మాణ శిక్షణకు ప్రత్యేక ఉత్కృష్టతా కేంద్రం కూడా నగరంలో నెలకొంది. ఇక్కడ వెల్డర్ విలువను తేల్చేది అతనికి ఏ భంగిమలో వెల్డింగ్ వచ్చన్నదే. బల్ల మీద పెట్టిన రేకును అతికించడం ఒకటి. 45 డిగ్రీల వాలులో కదలకుండా బిగించిన పైపు చుట్టూ, కింద పడుకుని, పక్కకు వాలి, తల పైకెత్తి గీత తెగకుండా తిప్పుకురావడం మరొకటి. ‘సిక్స్ జీ’ అనే ఆ పరీక్ష గట్టెక్కినవాడికి షిప్‌యార్డుల నుంచి గల్ఫ్ చమురు కేంద్రాల దాకా తలుపులు తెరుచుకుంటాయి. ఏడాది వెల్డర్ కోర్సు అక్కడిదాకా తీసుకెళ్లదు. ఎలక్ట్రోడ్లకు, పైపు ముక్కలకు అయ్యే ఖర్చు దానికి ప్రధానమైన అడ్డంకి.

అదే తీరాన అచ్యుతాపురంలో బ్రాండిక్స్ దుస్తుల నగరం, అక్కడే ఔషధ పరిశ్రమలు, పరవాడలో ఫార్మాసిటీ ఉన్నాయి. దుస్తుల కర్మాగారానికి పల్లెల నుంచి బస్సుల్లో వచ్చేది ప్రధానంగా మహిళలు. ఔషధ పరిశ్రమకు కావలసింది రియాక్టర్ దగ్గర నిలబడి పీడనం, ఉష్ణోగ్రత చదవగల మనిషి. రసాయన కర్మాగార ఆపరేటర్ ట్రేడు ఐటీఐ జాబితాలో ఉన్నా, ఎలక్ట్రీషియన్ సీట్ల ముందు అది ఎవరికీ కనిపించదు.

*గోదావరి, కృష్ణా డెల్టా.* 2009లో వనామీ రొయ్యకు దేశంలో అనుమతి వచ్చాక డెల్టా ముఖచిత్రమే మారింది. దేశంలో రొయ్యల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్‌దే అగ్రస్థానం. ఇంత పెద్ద పరిశ్రమకు కావలసిన పనులు చాలా ఉన్నాయి. హేచరీ టెక్నీషియన్, నీళ్లలో ఉప్పదనం, అమ్మోనియా చూసేవాడు, తెల్లమచ్చ వ్యాధిని పీసీఆర్ పరీక్షలో పట్టేవాడు, చెక్ ట్రే చూసి మేత తగ్గించాలో పెంచాలో చెప్పగలవాడు, శీతల ప్లాంటు ఆపరేటర్ అందరూ కావాలి. కాకినాడలో మత్స్య సాంకేతిక సంస్థ, కృష్ణా జిల్లా భావదేవరపల్లిలో ఫిషరీస్ పాలిటెక్నిక్ ఉన్నాయి. పరిశ్రమ వేగం ముందు అవి చిన్నవి. చాలా చెరువుల్లో రైతుకు సలహా చెప్పేది మేత, మందులు అమ్మే కంపెనీల ప్రతినిధే. అమ్మేవాడే వైద్యుడైన చోట మందుల వాడకం ఎలా ఉంటుందో ఊహించవచ్చు. స్వతంత్రంగా పరీక్షచేసి చెప్పే టెక్నీషియన్ కొరత మొదట చెప్పిన మూడు అర్థాల్లో అసలైన మొదటి రకం.

ప్రాసెసింగ్ ప్లాంట్లలో ఐసు నీళ్లలో గంటల తరబడి నిలబడి రొయ్య పొట్టు తీసేది మహిళలు. వాళ్లకు ఆ పని నేర్పవలసిన వాళ్లు ఎవరూ లేరు, వాళ్లే నేర్పగలరు. గ్రేడింగ్, నాణ్యత పరీక్ష, ఫ్రీజర్ నిర్వహణ వంటి పై మెట్లకు వాళ్లు ఎక్కే దారి శిక్షణ ప్రణాళికల్లో కనిపించదు. 2025 ఆగస్టులో అమెరికా భారతీయ సరుకుపై సుంకాన్ని 50 శాతానికి పెంచినప్పుడు ఆ దెబ్బ గట్టిగా తగిలినవాటిలో రొయ్యలు ఎగుమతి చేసే ఈ డెల్టా ఒకటి. ప్రాంతీయ అవసరం ఆ ప్రాంతం చేతిలోనే ఉండదనడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ అక్కర్లేదు.

డెల్టా అంచున విజయవాడ ఆటోనగర్ ఉంది. లారీ ఛాసిస్ మీద క్యాబిన్, తొట్టి కట్టడం, టింకరింగ్, పెయింటింగ్, గేర్‌బాక్సు విప్పడం అన్నీ అక్కడ హెల్పర్‌గా చేరి నేర్చుకున్నవే. స్పానర్లు అందించడంతో మొదలైన కుర్రాడు ఏళ్లు గడిచాక మేస్త్రి అవుతాడు. అతని చెయ్యి ఏ ఇన్‌స్ట్రక్టర్ చేతికీ తీసిపోదు, కాగితం మాత్రం ఉండదు. ఇలాంటివాళ్లను పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో ఉంది. ఆ కాగితం కూలి పెంచితేనే మేస్త్రి దానికి ఒక రోజు పని మానుకుంటాడు. మరోవైపు డీజిల్ ఇంజన్ల మీద నిలిచిన ఈ నగరానికి విద్యుత్ వాహనాలు వస్తున్నాయి. బ్యాటరీ, సెన్సర్ పని నేర్చుకోవడానికి ఇప్పటికే పనిలో ఉన్న నలభై ఏళ్ల మెకానిక్‌కు సాయంత్రం పూట తరగతి కావాలి. పగటిపూట నడిచే, పదో తరగతి మార్కులు అడిగే కోర్సు అతనికి అందదు.

*రాయలసీమ, దక్షిణ కోస్తా.* వేరుశనగ మీద, వాన మీద బతికిన పెనుకొండ ప్రాంతానికి 2017లో కార్ల కంపెనీ కియాతో ఒప్పందం వచ్చింది. 2019లో కార్లు బయటికొచ్చాయి. చుట్టూ విడిభాగాల కంపెనీలు వెలిశాయి. అదే 2019లో రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకే ఇవ్వాలని చట్టం చేసింది. తగిన అర్హత ఉన్న స్థానికులు లేకపోతే ప్రభుత్వంతో కలిసి మూడేళ్లలో వాళ్లకు శిక్షణ ఇవ్వాలన్న నిబంధన అందులో ఉంది. కోటా మాట రాజ్యాంగ వివాదాల్లో చిక్కుకుంది. హర్యానా తెచ్చిన ఇలాంటి చట్టాన్ని అక్కడి హైకోర్టు 2023లో కొట్టేసింది కూడా. నా దృష్టిలో ఆ చట్టంలో పనికొచ్చే ముక్క శిక్షణ నిబంధనే. కోటా లేకుండా కూడా అది నిలవగలదు.

2008లో మొదలైన శ్రీసిటీ పారిశ్రామిక నగరంలో ఫోన్లు, ఏసీలు, చాక్లెట్లు, వాహనాలు తయారవుతాయి. ఫోన్ల లైను మీద ఎక్కువమంది యువతులు. ఆ పనికి వారాల శిక్షణ చాలు. వాళ్లు నిలవాలంటే కావలసింది నమ్మకమైన హాస్టలు, రాత్రి షిఫ్టుకు బస్సు, అమ్మానాన్నలకు చూపించగలిగిన గది.

*హైదరాబాద్, తెలంగాణ.* బాలానగర్‌లో 1968లో ఐక్యరాజ్యసమితి సంస్థల సాయంతో వచ్చిన కేంద్ర టూల్ డిజైన్ సంస్థ ప్రాంతానికీ పరిశ్రమకూ కుదిరిన ముడికి మంచి ఉదాహరణ. చుట్టూ ఉన్న చిన్న పరిశ్రమలకు డై, మౌల్డు చేసిపెడుతూనే పిల్లలకు నేర్పుతుంది. అక్కడ విద్యార్థి చేసే వస్తువు మార్కులకు పరిమితం కాదు, ఎవరో ఒకరికి కావలసిన సరుకు అవుతుంది. 1998లో మొదలైన జాతీయ నిర్మాణ అకాడమీ తాపీ, ప్లంబింగ్, ఫార్మ్‌వర్క్ పనివాళ్లను తయారుచేస్తోంది.

సిరిసిల్ల కథ వేరు. మరమగ్గాలను అక్కడ సాంచెలంటారు. కార్మికుడు, నాలుగైదు సాంచెలున్న ఆసామి, నూలు ఇచ్చి గుడ్డ తీసుకునే యజమాని అన్నది అక్కడి వరుస. 2017లో ప్రభుత్వం నుంచి బతుకమ్మ చీరల ఆర్డర్లు వచ్చినప్పుడు సాంచెలు రాత్రింబగళ్లు ఆడాయి. ఆర్డర్లు ఆగితే చెయ్యి తిరిగిన నేతగాడు కూడా ఖాళీ. అక్కడ నైపుణ్యం లోటు లేదు, గుడ్డకు గిరాకీ లేదు. వరంగల్ నుంచి సూరత్, భివండీ వలస వెళ్లిన నేతగాళ్లను వెనక్కి రప్పించాలన్న ఆశ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు వెనక ఉంది. సూరత్‌లో వచ్చే కూలి ఇక్కడ వస్తేనే ఆ ఆశ నెరవేరుతుంది.

జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల పల్లెలకు దుబాయ్, మస్కట్ కూడా ‘స్థానిక’ ఉపాధి కిందే లెక్క. షట్టరింగ్ కార్పెంటర్, స్టీల్ ఫిక్సర్, ఏసీ మెకానిక్ పని తెలిసి వెళ్లినవాడి జీతానికీ, కూలి వీసా మీద వెళ్లినవాడి జీతానికీ చాలా తేడా ఉంటుంది. తెలంగాణలో టామ్‌కామ్, ఆంధ్రప్రదేశ్‌లో ఓమ్‌క్యాప్ అన్న ప్రభుత్వ సంస్థలు విదేశీ ఉద్యోగాలకు పంపుతున్నాయి. జర్మనీకి వెళ్లే నర్సులకు భాష నేర్పించడం కూడా వీటి పనుల్లో ఉంది. వలసను వైఫల్యంగా చూసే ప్రణాళిక ఈ జిల్లాలకు పనికిరాదు.

ఇతర దేశాల నుంచి

జర్మనీలో 1969 నాటి చట్టం కింద నడిచే ద్వంద్వ పద్ధతిలో విద్యార్థి వారంలో మూడు నాలుగు రోజులు కంపెనీలో, మిగతా రోజులు బడిలో ఉంటాడు. కంపెనీ అతనికి భత్యం ఇస్తుంది. స్థానిక వాణిజ్య మండళ్లు ఒప్పందాలను నమోదుచేసి పరీక్షలు పెడతాయి. 300కు పైగా గుర్తింపు పొందిన వృత్తులున్నాయి. కంపెనీ తనకు అవసరమైనంతమందినే తీసుకుంటుంది కాబట్టి సీట్ల సంఖ్య చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది. అక్కడ కూడా ఒక ప్రాంతంలో సీట్లు ఖాళీగా, మరో ప్రాంతంలో పిల్లలు ఖాళీగా ఉండడం మామూలే. బ్రెజిల్ 1942లో సెనాయ్ అనే సంస్థను పెట్టి, పరిశ్రమల జీతాల బిల్లుపై ఒక శాతం పన్నుతో నడుపుతోంది. ఖర్చు పెట్టేది పరిశ్రమే కావడంతో ఏం నేర్పుతున్నారన్న దాని మీద అది కన్నేసి ఉంచుతుంది. ఇంగ్లండ్ 2022 చట్టంతో ప్రాంతాల వారీగా యజమానుల సంఘాలు నైపుణ్య ప్రణాళికలు రాసే పద్ధతి తెచ్చింది.

మనకు ఎక్కువ దగ్గరగా వచ్చేది ఘానా పాఠం. బడుల్లో వ్యవసాయం, చేతిపనులు నేర్పితే పిల్లలు ఆఫీసు ఉద్యోగాల వెంట పడడం మానేస్తారన్న నమ్మకం తప్పని ఫిలిప్ ఫోస్టర్ 1965లో ఘానా ఉదాహరణతో వాదించాడు. ఏ పనికి ఎంత జీతం, ఎంత మర్యాద దక్కుతున్నాయో చూసే పిల్లలు చదువు ఎంచుకుంటారు. పాఠ్యాంశం మార్చినంత మాత్రాన ఆ లెక్క మారదు.

మన దేశంలో ద్వంద్వ పద్ధతికి దగ్గరగా ఉన్నది 1961 అప్రెంటిస్ చట్టం. 30 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థలు తమ సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. స్టైపెండ్‌లో కొంత కేంద్రం భరించే పథకం 2016లో వచ్చింది. చట్టం మంచిది. అప్రెంటిస్‌ను చవక కూలీగా వాడుకుని ఏడాది కాగానే మరొకరిని తెచ్చుకునే అలవాటు దాని ఉద్దేశాన్నే చెడగొడుతోంది. పిల్లవాడికి ఏ వారం ఏం నేర్పారో రాసే డైరీని ఐటీఐ శిక్షకుడు నెలకోసారి వెళ్లి చూస్తే చాలు, ఆ దోపిడీ చాలామటుకు తగ్గుతుంది.

ఇటీవలి మార్పులు

తెలంగాణ 65 ప్రభుత్వ ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఉన్నత సాంకేతిక కేంద్రాలుగా మార్చే పని చేపట్టింది. 2024 జూన్‌లో హైదరాబాద్ మల్లేపల్లి ఐటీఐలో అది మొదలైంది. రోబోటిక్స్, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ యంత్రాలు, విద్యుత్ వాహనాల వంటి కోర్సులు వచ్చాయి. అదే ఏడాది యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 2024లో నైపుణ్య గణన ప్రకటించి మంగళగిరిలో ప్రయోగాత్మకంగా ప్రారంభించింది. కేంద్రం 2025లో 60 వేల కోట్ల రూపాయలతో 1,000 ప్రభుత్వ ఐటీఐల నవీకరణకు ఆమోదం తెలిపింది. 200 కేంద్ర ఐటీఐల చుట్టూ 800 అనుబంధ ఐటీఐలు ఉంటాయి. ఉత్కృష్టతా కేంద్రాలుగా ఎదగవలసిన ఐదు జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థల్లో హైదరాబాద్‌లోనిది ఒకటి.

యంత్రాలు రావడం సంతోషించవలసిన విషయమే. అయితే మల్లేపల్లికీ ఆదిలాబాద్‌కూ ఒకే జాబితా కోర్సులు వెళితే 1950ల నాటి పొరపాటే కొత్త రంగులో తిరిగొస్తుంది. పత్తి జిన్నింగ్ మిల్లులు, ట్రాక్టర్లు, బోరు మోటార్లు ఉన్న చోట రోబో చెయ్యి నేర్చినవాడు బస్సెక్కి హైదరాబాద్ రావాల్సిందే. వచ్చేవాడికి దారి ఉండాలి, ఉండాలనుకునేవాడికి పని ఉండాలి.

పరాయి భాషలో కార్మికుడు

చర్లపల్లి, పాశమైలారం, అచ్యుతాపురం, నగరాల నిర్మాణ స్థలాలు ఎక్కడికి వెళ్లినా ఒడియా, హిందీ, భోజ్‌పురి, బెంగాలీ వినిపిస్తాయి. ఇక్కడి శిక్షణ వ్యవస్థ ఇక్కడి పిల్లల కోసం తయారైంది. ఇక్కడి పని మాత్రం చాలావరకు ఆ భాషలు మాట్లాడే వలస కార్మికుల చేతుల మీదుగా జరుగుతోంది. వాళ్లు ఏ ఐటీఐ లెక్కలోకీ రారు, ఏ జిల్లా నైపుణ్య ప్రణాళికలోనూ కనిపించరు. 2024 ఆగస్టులో అచ్యుతాపురంలో, 2025 జూన్‌లో పాశమైలారంలో ఔషధ కర్మాగారాల ప్రమాదాలు పదుల మంది ప్రాణాలు తీశాయి. పాశమైలారంలో పోయినవాళ్లలో చాలామంది ఉత్తరాది, తూర్పు రాష్ట్రాల వలస కార్మికులు. రసాయన కర్మాగారంలో చేరే ప్రతి మనిషికీ, కాంట్రాక్టు కూలీకైనా సరే, మొదటి వారం అతని భాషలో నడవాలి. ఏ డ్రమ్ములో ఏముందో, ఏ వాల్వు ముట్టుకోకూడదో, గంట మోగితే ఎటు పరుగెత్తాలో నడిపించి చూపించాలి. అందుకు కొత్త భవనాలు అక్కర్లేదు. ఒడియా వచ్చిన ఒక సీనియర్ ఆపరేటరును ఆ వారం రోజులు లైను మీది నుంచి తప్పించి, జీతం కోయకుండా కొత్తవాళ్ల పక్కన నిలబెడితే సరిపోతుంది.